మోకాలి సత్యాగ్రహం

నా పదవీ విరమణ సభలో శాలువా కప్పినాయన మైకు పట్టుకుని, "కాలవలో కూర్చుని సత్యాగ్రహం చేసి, శివారు పొలాలకు నీళ్లు తెచ్చిన ధీశాలి వీరు" అన్నారు. హాలంతా చప్పట్లు. మా ఆవిడ ముందు వరసలోనే కూర్చుంది, కానీ చప్పట్లు కొట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. చూసినవాళ్లు ఆనందంతో కళ్లనీళ్లు పెట్టుకుంటోందనుకున్నారు. ఆవిడ నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతోందని నాకొక్కడికే తెలుసు.

ఇప్పుడు విజయవాడలో మా ఇంటికి అప్పుడప్పుడూ మా నీటిపారుదల శాఖలో కొత్తగా చేరిన ఇంజనీర్లు వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అడిగే ప్రశ్న ఒకటే. "ఆ రోజు మీకంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది సార్?" ఇన్నాళ్లూ చిరునవ్వు నవ్వి ఊరుకున్నాను. అలా ఊరుకుంటే అది వినయమని రాసుకుంటున్నారు కాబట్టి, ఇక చెప్పేయడమే మంచిదనిపించింది. ధైర్యం సంగతి తర్వాత. ముందు నా జుట్టు సంగతి చెప్పాలి.

నాకు ముప్పై దాటకముందే జుట్టు నెరిసింది. మా వంశంలో అందరికీ అంతే. కానీ నేను ఇంజనీర్ని. తెల్ల జుట్టుతో కనిపిస్తే పైఅధికారులు పనికిరాడని పక్కన పెడతారనీ, కిందివాళ్లు మాట వినరనీ గట్టి నమ్మకం. అందుకని ఉద్యోగం పొడుగునా ఆదివారం పొద్దున్నే బాత్రూమ్‌లో బ్రష్షు పట్టుకుని నిలబడేవాణ్ని. విజయవాడ వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టు నుంచి నల్లరంగు ప్యాకెట్లు పెట్టెలకు పెట్టెలు తెచ్చుకునేవాణ్ని. కొట్టాయన నన్ను చాలాకాలం సెలూన్ ఓనరుననుకున్నాడు. నేనూ కాదనలేదు, సెలూన్లకు తగ్గించి ఇచ్చేవాడు.

ఇంత కష్టపడి కాపాడుకున్న నల్లజుట్టు నాకు ఏం చేసిపెట్టిందో కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చల్లపల్లికి ఇవతల ఒక పంట కాలవ మీద ఎగువ ఊరివాళ్లు అడ్డుకట్ట వేశారు. అడ్డుకట్ట అంటే మరేం లేదు. కాలవకు అడ్డంగా తాటి దుంగలు దించి, వాటి వెనక మట్టి బస్తాలు పేరుస్తారు. అప్పుడు నీళ్లు కిందికి పోకుండా ఎత్తు పెరిగి, వాళ్ల తూములోకి మళ్లుతాయి. కింద ఉన్న శివారు ఊళ్లు ఎండిపోతాయి. నేను ఇస్త్రీ చొక్కాతో, నల్లటి జుట్టుతో, చేతిలో రూల్సు పుస్తకంతో వెళ్లి గట్టు మీద నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. ఆ ఊరి పెద్ద ఓపిగ్గా అంతా విని, "కుర్రాడికి ఎండ తగిలినట్టుందిరా, చల్లబడనియ్యండి" అన్నాడు. వాళ్లు చల్లబరిచారు. చొక్కాతో సహా, పుస్తకంతో సహా కాలవలో పడ్డాను. గుర్రపుడెక్కలో చిక్కుకుని ఒక చెప్పు కూడా పోయింది. ఆ కాలవలో ఇప్పటికీ ఎక్కడో ఉండే ఉంటుంది.

ఆ తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగాను. ప్రమోషన్లు వచ్చాయి. ఎక్కడికి వెళ్లినా నా మాట వినడానికి ఎవరూ తొందరపడలేదు. నేను గట్టిగా మాట్లాడితే పొగరన్నారు, మెత్తగా మాట్లాడితే భయమన్నారు. చివరికి రిటైర్మెంటుకు ఏడాది ఉందనగా, తిప్పి తిప్పి మళ్లీ ఆ కాలవకే వేశారు. ఆ ఊరి పెద్ద పోయాడు. ఆయన కొడుకు ఊరి పెద్దయ్యాడు. అడ్డుకట్టలు మాత్రం మారలేదు.

ఆ ఏడే నాకు జుట్టు రంగు పడకుండా పోయింది. ఒక సోమవారం లేచేసరికి మొహం బూరెలా పొంగింది. కళ్లు తెరుచుకోలేదు. చర్మం డాక్టరు చూసి, "ఇన్నాళ్లు మీ ఒంటికి ఓపిక ఉంది, ఇక లేదు. ఇంకోసారి రంగు పూస్తే నా దగ్గరకి కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి" అన్నాడు. సగం నలుపూ సగం తెలుపూగా తిరగలేక మంగలి దగ్గర కూర్చుని మొత్తం పొట్టిగా కత్తిరించేయించుకున్నాను. అద్దంలో చూసుకుంటే మా నాన్న కనిపించాడు. అదీ జబ్బు పడి కోలుకుంటున్నప్పటి నాన్న. నిజంగా ఏడుపొచ్చింది. నా ఉద్యోగం ఇక అయిపోయినట్టేననుకున్నాను.

ఆఫీసుకు వెళ్తే గేటు దగ్గర కాపలా మనిషి, "ఎవరు కావాలి పెద్దాయనా? సారు ఇంకా రాలేదు, ఆ బెంచీ మీద కూర్చోండి" అన్నాడు. నేనే సారునని నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కానీ లోపలికి వెళ్లాక విచిత్రం మొదలైంది. మా ఏఈ, అంటే నా కింద పనిచేసే కొత్త ఇంజనీరు, అప్పటిదాకా నేను వస్తే కుర్చీలో కొంచెం కదిలేవాడంతే. ఆ రోజు లేచి నిలబడ్డాడు. నా చేతిలో బ్యాగు అందుకున్నాడు. ఫోన్‌లో నన్ను "ఏమయ్యా" అని పిలిచే పైఅధికారి మీటింగ్‌లో నన్ను చూసి ఒక్క క్షణం తడబడి, "మీరేమంటారండీ?" అన్నాడు. ముప్పై ఏళ్లలో నేనేమంటానో అడిగిన మొదటి మనిషి ఆయనే. తీరా ఆయన అడిగేసరికి అనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఊరుకున్నాను. "అనుభవం" అన్నారు పక్కనున్నవాళ్లు.

ఇక అసలు రోజు సంగతి.

ఆ ఏడు సార్వాలో, అంటే వానాకాలం పంటప్పుడు, వానలు ముందు బాగానే పడి, చివర్లో మొహం చాటేశాయి. మన డెల్టా సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. విజయవాడలో బయలుదేరిన నీళ్లు కంకిపాడు దాటి, దారిలో ఉన్న ఊళ్లన్నీ తాగగా మిగిలితే చల్లపల్లి అవతల శివారుకు చేరతాయి. నీళ్లు చాలనప్పుడు వంతులు పెడతాం. కొన్నాళ్లు ఎగువ ఊళ్లకు, ఆ తర్వాత కొన్నాళ్లు శివారుకు. ఎగువ ఊరి వంతు అయిపోయింది. శివారు వంతు మొదలైన రోజు పొద్దున చూస్తే కాలవలో అడ్డుకట్ట ఉంది.

ఆ పొద్దున్నే ఒకావిడ నా ఆఫీసుకు వచ్చింది. శివారు ఊళ్లో నాలుగెకరాలు కౌలుకు తీసుకుని చేసుకుంటున్న మనిషి. యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక సేద్యం మానకుండా పట్టుదలగా నిలబడ్డది. వాళ్ల ఊరి నుంచి నలుగురు మగవాళ్లు కూడా వచ్చారు, కానీ మాట్లాడింది ఆవిడే.

"చేను పొట్ట మీదుందండి. ఇప్పుడు నీరందకపోతే కంకి రాదు, వచ్చినా తాలే. ఆడమనిషి చేతిలో పొలమేంటని భూమిగలాయన ముందే సణిగాడు. ఈ పంట గనక పోయిందంటే నా చేతిలోంచి ఆ నాలుగెకరాలూ పోతాయండి. మళ్లీ ఎవరూ ఇయ్యరు. నేను కూలికే పోవాలి."

ఆవిడ ఏడవలేదు, బతిమాలలేదు. ఉన్న సంగతి చెప్పి నా మొహంలోకి చూస్తూ నిలబడింది. పోలీసులకు ఫోన్ చేశాం. వాళ్లు ఎక్కడో బందోబస్తులో ఉన్నారట, రేపు చూద్దామన్నారు. పైఅధికారికి చేశాం. ఆయన, "జాగ్రత్తగా హ్యాండిల్ చెయ్యండి" అన్నాడు. అంటే ఏం జరిగినా బాధ్యత మనదేనని అర్థం. ఏఈ మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు. "రూల్ మన వైపుంది సార్, వెళ్లి తీయించేద్దాం" అన్నాడు. ఆ కాలవలోనే పోయిన నా చెప్పు గుర్తొచ్చింది.

ఇద్దరం జీపులో బయలుదేరాం. శివారువాళ్లు ఆటోలో వెనకే వచ్చారు. నాకు ఎడమ చెవి చాలా ఏళ్ల కిందటే పోయింది, కుడిది సగం వినపడుతుంది. మిషన్ ఉంది గానీ జీపులో గాలికి అది కుయ్యోమంటుందని తీసి డబ్బాలో పెట్టాను. దిగేటప్పుడు పెట్టుకోవడం మర్చిపోయాను. అది ఎంత మంచి పనో తర్వాత తెలిసింది.

ఇవతలి కాలవ గట్టు మీద ఎగువ ఊరి జనం గుంపుగా ఉన్నారు, శివారువాళ్లు అవతలి గట్టుకు చేరారు. ముందు వాళ్ల పెద్ద, అంటే నన్ను చల్లబరిచినాయన కొడుకు. అచ్చం తండ్రి నిలబడినట్టే నిలబడ్డాడు. మా ఏఈ ఫోన్ తీసి రూలు చదవడం మొదలుపెట్టాడు. జనం కేకలేయడం మొదలుపెట్టారు. నాకు కేకలు వినపడలేదు, నోళ్లు తెరుచుకోవడం మాత్రం కనిపించింది. చెవిటివాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. వినపడనప్పుడు ఎందుకైనా మంచిదని నవ్వుతాం. నేను అందరి వైపూ తిరిగి చల్లగా నవ్వుతూ వచ్చాను. వాళ్లు నన్ను అన్న మాటలు ఏఈ ఆ సాయంత్రం సగమే చెప్పాడు, మిగతా సగం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. అలాంటి మాటలు అన్నవాడి వైపు చూసి నేను ఆప్యాయంగా తల ఊపానట. వాడు తిట్టడం ఆపేసి పక్కకు వెళ్లిపోయాడట.

ఇంతలో ఎవరో ఏఈ భుజం మీద చెయ్యి వేశారు. ఇక ఇతన్నీ చల్లబరుస్తారని నాకు అర్థమైంది. జనం చూపు నా మీదికి మళ్లిద్దామని గట్టు దిగి అడ్డుకట్ట మీదికి నాలుగడుగులు వేశాను. ఐదో అడుగుకు కుడి మోకాలు పట్టేసింది. మోకాలు పట్టేయడం అంటే మీకింకా తెలియదు, దేవుడి దయవల్ల తెలియకుండానే ఉండాలి. కాలు ముందుకు రాదు, వెనక్కి పోదు. పడిపోతానని భయమేసి, కింద ఉన్న మట్టి బస్తా మీద కూర్చుండిపోయాను.

ఏఈ జనాన్ని విదిలించుకుని పరుగెత్తుకొచ్చాడు. చెయ్యి పట్టుకుని లాగాడు. ప్రాణం పోయినంత పనైంది. నోరు పెగలక, తల అడ్డంగా ఊపాను. మళ్లీ లాగాడు. మళ్లీ ఊపాను.

అప్పుడు అవతలి గట్టు మీద నిలబడ్డ కౌలు రైతు ఆవిడ చేతులెత్తి ఏదో అరిచింది. నాకు వినపడలేదు. ఎగువ జనం మాత్రం ఒక్కసారిగా ఆగిపోయారు. ఏఈ నా మొహంలోకి చూశాడు. అతని కళ్లు చెమర్చాయి. నన్ను పైకి లేపుతాడనుకుని చెయ్యి చాపాను. అతను ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, కొత్త ప్యాంటుతో, నా పక్కనే ఇంకో బస్తా మీద కూర్చున్నాడు. కుడి చెవి దగ్గర నోరు పెట్టి, "మీరొక్కరే ఎందుకు సార్, నేనూ ఉన్నా" అన్నాడు.

ఆవిడ అరిచింది ఏమిటో అప్పుడు చెప్పాడు. "పెద్దాయన కదలరంట! నీళ్లొదిలిందాకా అక్కడే కూసుంటారంట!" అందట.

ఒరే నాయనా, నాకు మోకాలు పట్టింది, లేపరా అని అతనికి చెప్పవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. అప్పుడే అవతలి గట్టు మీద ఆవిడ మొహం కనిపించింది. పొద్దున ఆఫీసులో నన్ను చూసిన చూపే. ఆ నాలుగెకరాలు నా మోకాలు మీద ఆధారపడి ఉన్నాయని అర్థమైంది. నోరు మూసుకున్నాను. ఈ మొత్తం కథలో నేను కావాలని చేసిన పని ఆ నోరు మూసుకోవడం ఒక్కటే.

ఎండ ముదిరింది. తెల్ల తల మీద ఎండ పడుతుంటే ఎగువ జనం ఒకరి చెవిలో ఒకరు గొణుక్కోవడం కనిపించింది. కుర్రవాడైతే నెట్టేయొచ్చు. ముసలివాణ్ని నెట్టడం మన వైపు ఎవరికీ చేతులు రాని పని, అందులోనూ నాలుగు ఫోన్లు వీడియో తీస్తున్నప్పుడు. గట్టు పక్కనే ఆ ఊరి పెద్ద ఉండే ఇల్లు. అతనే ఇంట్లోంచి చెంబుతో మజ్జిగ తెప్పించి, స్వయంగా తెచ్చి నా ముందు పెట్టాడు. నిమ్మకాయ పిండి, కరివేపాకు వేసిన పల్చటి మజ్జిగ. నా గొంతు ఎండిపోయి ఉంది. చెయ్యి చాపబోయి ఆగిపోయాను.

అరవై దాటిన మగవాళ్లకు ఈ కష్టం చెప్పక్కర్లేదు. కుర్రవాళ్ల కోసం చెప్తాను. ఆ వయసులో చెంబెడు మజ్జిగ తాగితే కాసేపటికే లేవాలి. లేవడమే కదా నా సమస్య. అంతమంది ఆడామగా చూస్తుండగా, అడ్డుకట్ట మధ్యలో, లేవలేని మనిషి మజ్జిగ తాగడం ఎంత ప్రమాదమో ఆలోచించి చేతులు జోడించి వద్దన్నాను.

"మజ్జిగ కూడా ముట్టట్లేదురా" అన్నారు ఎవరో.

"ఉపోషం కూసున్నాడ్రా."

ఆ మాటలు ఏఈ నా చెవిలో వేశాడు. అప్పటికి అతనికి నేను దేవుడి కంటే ఒక మెట్టే కింద. అతను కూడా మజ్జిగ వద్దన్నాడు. పాపం, అతనికి తాగడానికి ఏ అడ్డమూ లేదు.

వద్దన్న మజ్జిగ చెంబు తిరిగి ఇంట్లోకి వెళ్లడంతో అసలు తుపాను బయటికొచ్చింది. ఊరి పెద్ద వాళ్లమ్మ. ఎనభై దగ్గర పడిన మనిషి, కర్ర పట్టుకుని, ముగ్గుబుట్టలాంటి తలతో గట్టు మీదికి నడిచొచ్చింది. ఆవిడకీ చెముడే. అందుకే ఊరంతా వినపడేలా మాట్లాడింది. ఆ రోజు నాకు తిన్నగా వినపడినవి ఆవిడ మాటలే.

"ఏరా, మనింటి మజ్జిగ వద్దన్నాడా ఆ పెద్దమనిషి?"

"వద్దన్నాడే అమ్మా, నేనేం చెయ్యను?"

"ఏం చేస్తావా? మన గట్టు మీద ఎండలో కూసున్న మనిషి మనింటి చుక్క ముట్టకపోతే, అది మనకు మర్యాదంట్రా? సొమ్మసిల్లి పడితే ఊరికి మాట కాదంట్రా? మీ నాయనే ఉంటేనా, ఇట్టాంటి పెద్దమనిషిని నెత్తిన పెట్టుకునేవాడు!"

మీ నాయన నన్ను ఎక్కడ పెట్టాడో నాకు బాగా గుర్తుంది. ఆవిడ నా వైపు తిరిగింది.

"ఎన్నేళ్లు బాబూ నీకు?"

"అరవయ్యొకటమ్మా."

"నా చిన్న తమ్ముడి ఈడు" అంది. ఆపైన కొడుకు వైపు కర్ర చూపించింది. "తియ్యండ్రా ఆ బస్తాలు. వాళ్ల వంతు వాళ్లకిచ్చి ఏడవండి. మళ్లీ మన వంతు రాదా?"

ఊరి పెద్ద అటూ ఇటూ చూశాడు. తల్లితో వాదించలేక, వీడియోలకు మొహం చూపించలేక చెయ్యి ఊపాడు. జనం దిగి బస్తాలు తీయడం మొదలుపెట్టారు. ఒక్కొక్కటీ తీస్తూ చివరికి నేను కూర్చున్న బస్తా దగ్గరకి వచ్చారు. "పెద్దాయన్ని జాగర్త" అంటూ ఇద్దరు చెరో చంకలో చెయ్యి వేసి, పెళ్లికొడుకును లేపినట్టు మెల్లగా లేపారు. ఆ రోజు నేను లేవడానికి లోకంలో ఉన్న ఒకే ఒక మార్గం అదే. తాటి దుంగలు పక్కకు తప్పుకోగానే గుర్రపుడెక్కను తోసుకుంటూ నీళ్లు శివారుకు దూకాయి. అవతలి గట్టు మీద కేరింతలు. నేను ఏఈ భుజం పట్టుకుని, నన్ను జీపు చాటుకు తీసుకెళ్లమని చెవిలో చెప్పాను. మజ్జిగ ముట్టకపోయినా కొన్ని పనులు ఆగవు.

సాయంత్రానికి వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. పైఅధికారి నాకు ఫోన్ చేసి, "సత్యాగ్రహం అని ముందే చెప్తే నేనూ వచ్చేవాణ్ని కదండీ" అన్నాడు. ఇంటికెళ్లి మా ఆవిడ మోకాలికి వేడి నూనె రాస్తుంటే జరిగింది చెప్పాను. గిన్నె కింద పెట్టి మరీ నవ్వింది.

ఆ రాత్రి పడుకుని చాలాసేపు ఆలోచించాను. కుర్రతనంలో నేను కావాలని చెయ్యని పనిని కూడా చేతకాక చెయ్యలేదనేవారు. ఇప్పుడు చేతకాక చెయ్యని పనిని కావాలనే చెయ్యలేదంటున్నారు. వినపడకపోతే సహనం. మాట తోచకపోతే అనుభవం. దాహమై కూడా తాగలేకపోతే దీక్ష. వయసు వస్తే అన్నీ పోతాయని భయపడి ఇన్నేళ్లు బాత్రూమ్‌లో బ్రష్షు పట్టుకుని నిలబడ్డానే అని నా మీద నాకే జాలేసింది. ఈ సుఖం ముందే తెలిస్తే ముప్పైలోనే నెరిసిన జుట్టును అలాగే వదిలేసేవాణ్ని.

శివారు పండింది. రిటైరయ్యాక నేను మోకాలు మార్పించుకున్నాను. ఒక రోజు ఆ కౌలు రైతు ఆవిడ విజయవాడలో బంధువుల ఇంట్లో ప్రార్థన కూడికకు వచ్చి, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. సంచిలో కొత్త బియ్యం తెచ్చింది. ఆ నాలుగెకరాలు ఆవిడ దగ్గరే ఉన్నాయి, పక్కనే ఇంకో రెండు కూడా కౌలుకు ఇచ్చారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహం వెలిగింది. నాకు కూడా చాలా సంతోషమైంది. ఎవరికైనా నిజం చెప్పాలంటే ఆవిడకే చెప్పాలనిపించింది.

"అమ్మా, ఆ రోజు నేను కదలనని కూర్చోలేదు. మోకాలు పట్టేసి లేవలేకపోయాను."

ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"తెలుసండి."

"తెలుసా? ఎప్పుడు?"

"అప్పుడేనండి. మా అత్తగారికీ అంతే. చర్చిలో ప్రార్థనకి మోకాళ్ల మీద కూర్చుంటే మళ్లీ లేవలేకపోయేది. అందరూ లేచి ఇళ్లకి పోతున్నా అట్టానే ఉండేది. పాస్టరుగారు చూసి, ఎంత భక్తో చూడండని అందరికీ చెప్పేవోరు. నేనెళ్లి చంకలో చెయ్యేసి లేపేదాన్ని. మీరు తల ఊపుతుంటే మా అత్త మొహమే అగుపడిందండి. అందుకే ఠక్కున అట్టా అరిచాను. లేకపోతే ఆ ఏఈగారు మిమ్మల్ని లాగేసి జీపెక్కించేవోరు. నా చేను పోయేది."

మా ఆవిడ లేచి ఆవిడకి ఇంకో కాఫీ తెచ్చింది. కాఫీ తాగుతూ ఆవిడ నా కాలు వైపు చూసింది.

"ఇప్పుడు బాగా నడుస్తున్నారాండి?"

"బాగా నడుస్తున్నాను."

"లేవగలుగుతున్నారా?"

"హాయిగా."

"దేవుడు చల్లగా చూశాడు" అంది. కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఎప్పుడన్నా మా కాలవ దగ్గరకొస్తే మాత్రం, నలుగురిలో అంత తొందరగా లేవమాకండి" అంది.

పోయిన సార్వాలో మా ఏఈ ఫోన్ చేశాడు. ఇప్పుడతను ఇన్‌చార్జిగా నా పాత కుర్చీలోనే ఉన్నాడు. మళ్లీ వంతులు, మళ్లీ అదే చోట అడ్డుకట్ట. "మీరు మాట్లాడక్కర్లేదు సార్, ఒకసారి వస్తే చాలు" అన్నాడు. మా ఆవిడ నా చెప్పులకు అడ్డం నిలబడి, "ఏ హోదాలో వెళ్తారు?" అంది. ముసలాడి హోదాలో అన్నాను. కింద కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఏఈ పంపిన జీపులో వేసి పంపింది.

అడ్డుకట్ట మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. ఈసారి చెవికి మిషన్ పెట్టుకున్నాను. అన్నీ వినపడ్డాయి. అవతలి గట్టు మీద కౌలు రైతు ఆవిడ, ఆవిడ ఊరివాళ్లు. ఇవతల ఊరి పెద్ద వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"మోకాలు ఆపరేషన్ అయ్యిందంటగా పెద్దాయనా. బాగానే నడుస్తున్నారంటగా."

"అయ్యింది బాబూ."

"అయితే లేవండి మరి. గట్టు మీదకెళ్లి మాట్లాడుకుందాం."

కాలు కదిపి చూసుకున్నాను. ఎక్కడా నొప్పి లేదు. లేవాలనుకుంటే క్షణంలో లేవగలను. ఈసారి కూర్చోవడానికి సాకు లేదు. నేను లేవలేదు. గట్టు మీద కర్ర చప్పుడు వినపడింది. వాళ్లమ్మ ఎవరి చేతో ఇంకో కుర్చీ మోయించుకుని వచ్చి, నా పక్కన వేయించుకుని కూర్చుంది. కొడుకు వైపు చూడను కూడా చూడలేదు. "మజ్జిగ తాగుతావా తమ్ముడూ?" అంది. తాగుతానన్నాను.

ఇద్దరం మజ్జిగ తాగాం. కాసేపటికి బస్తాలు కదలడం మొదలైంది. ఒక పక్క బస్తాలు తీసి నీళ్లు వదిలాక, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, నా అంతట నేనే లేచాను.